మొదటి కోటు ఆరేలోగా

గోడ ఇంకా ఆరలేదు. కిటికీ వైపు సగం పొడిబారి మెరుపు తగ్గింది, తలుపు వైపు సగం ఇంకా తడిగా మెరుస్తూనే ఉంది. మొదటి కోటు పూర్తిగా ఆరందే రెండోది వెయ్యకూడదు, అది ఆరేదాకా నేను పరంజా దిగనని చెప్పి ఇక్కడే పలక మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. మిగతావాళ్లంతా టీకి కిందికి వెళ్లారు. గోడకి కాపలా అక్కర్లేదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. సెలవుల్లో బడిలో పిల్లలే లేరు, వచ్చి చెయ్యి పెట్టేవాళ్లెవరు? పెద్దక్క మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "తొందరేం లేదు, నిదానంగా ఆలోచించుకో. నువ్వు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. నీ మాట దాటి ఎవరూ చెయ్యెత్తరు" అంది. కోటు ఆరాక చెప్తానక్కా అన్నాను. ఇప్పుడు గోడ వైపు చూస్తే అదెక్కడ త్వరగా ఆరిపోతుందో అని భయంగా ఉంది. రంగు ఆరకూడదని కోరుకునే పెయింటర్ ప్రపంచం మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కిటికీలోంచి కిందకి చూస్తే మెట్ల మీద మా పాత మేస్త్రి భార్య కనిపిస్తోంది. పనివాళ్లందరం ఆమెను మేస్త్రమ్మ అనేవాళ్లం. ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. జుట్టు బాగా పలచబడింది. పైనుంచి చూస్తే మనుషులు ఎంత చిన్నగా ఉంటారో మా పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఎంతటివాళ్లయినా నడినెత్తే ముందు కనిపిస్తుంది. ఒకప్పుడు ఆమె ఇంటి ముందు నేనలా కూర్చునేదాన్ని, వారం చివర కూలి కోసం. ఆమె లోపల్నుంచి వచ్చి, "ఆయన స్నానం చేస్తున్నారు, కాసేపుండు" అనేది. స్నానం అంత సేపు చేసే మేస్త్రి మరి ఎప్పుడూ అంత మాసిపోయి ఎందుకుండేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రంగు వాసన ఇవాళ గొంతులో నిలబడుతోంది. లేత ఆకుపచ్చ. డబ్బా మూత మీద ఒకటి, గోడ మీద పడ్డాక ఇంకొకటి, ఆరాక మరొకటి. తడి రంగు చెప్పే మాట నమ్మకు, పొద్దున్నే మళ్లీ వచ్చి చూడు అనేవాడు మా ఆయన. మా ఒంటిగది ఇంట్లో, వంట మూల పొగకి నల్లబడిన చోట, ఎవరి పనిలోనో మిగిలిన రంగు తెచ్చి నా చేత వేయించాడు. అప్పటిదాకా నేను కుంచె పట్టుకున్నది కడగడానికే. మేస్త్రి కింద ఆడవాళ్లకి ఉన్న పనులు పాత రంగు గీకడం, బకెట్లు మొయ్యడం, నేల తుడవడం, కుంచెలు కడగడం. ఆడవాళ్ల చెయ్యి వణుకుతుంది, గీత తిన్నగా రాదు అనేవాడు మేస్త్రి. నిండు బకెట్లు చెరో చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కేటప్పుడు వణకని చెయ్యి కుంచె పట్టుకుంటే ఎందుకు వణుకుతుందో అడిగే ధైర్యం అప్పుడు లేదు. మా ఆయన మాత్రం నా వెనక నిలబడి, మోచెయ్యి కాదు, భుజం కదుపు, ఊపిరి బిగపట్టకు, పాట పాడుకో అన్నాడు. నాకు పాటలు రావంటే, అయితే నన్ను తిట్టుకుంటూ వెయ్యి, అది వచ్చుగా అన్నాడు. ఆ మూల గోడ మీద గీత భలే తిన్నగా వచ్చింది. తిట్టుకుంటూ వేసిందే.

మా ఆయన పరంజా మీంచి పడిపోయిన రోజు గురించి తలుచుకోవడానికి ఇప్పుడు భయం లేదు. ఏళ్లు గడిచేకొద్దీ అదీ పాత గోడలాగే పొరలు పొరలుగా అయింది, పైన ఎన్ని కోట్లు పడ్డాయో. కొత్తగా కట్టిన మేడ, బయటి గోడ, మధ్యాహ్నం. నేను వెనక వైపు బకెట్లు కడుగుతున్నాను. పలక విరిగిన చప్పుడు వినపడింది, ఎవరో కట్టె చీల్చారనుకున్నాను. ఆ తర్వాత మనుషులు పరిగెత్తడం వినిపించింది. ఆ పలక లోపల పుచ్చిపోయి ఉంది. విరిగిన ముక్కని నేను చూశాను, నా చేతిలో పొడి పొడిగా రాలింది. సాయంత్రానికి ఆ ముక్కలు అక్కడ లేవు. మర్నాటికి మాట పుట్టింది. తాగి ఎక్కాడు, కాలు జారాడు. మేస్త్రి ఇంటి యజమానితో అన్నాడు, యజమాని పోలీసుతో అన్నాడు, పోలీసు నాతో అన్నాడు, చివరికి మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు కూడా పాపం అంటూనే అన్నారు. తాగి పడినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు కదా. నాకు ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం కన్నా ఆ మాటే ఎక్కువ దెబ్బ తీసింది. పోయిన మనిషిని రెండోసారి కిందికి తోసినట్టుంది.

మేస్త్రమ్మ ఆ వారంలో ఒకసారి మా ఇంటికి వచ్చింది. పని జరిగేచోట అందరికీ టీ తెచ్చి పోసేది ఆమే కాబట్టి అతను పడిన రోజు ఆమె అక్కడే ఉంది. మా ఆయన అన్నం డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చానంది. శుభ్రంగా కడిగి, తుడిచి తెచ్చింది. గుమ్మంలో నిలబడి డబ్బా నా చేతికిచ్చి, మా పాప జుట్టు చెదిరి ఉంటే చేత్తో సవరించి, నోరు తెరిచింది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. మూసేసింది. వెళ్లిపోయింది. ఆ తెరిచిన నోరు నాకు చాలా ఏళ్లు కలలోకి వచ్చేది. ఆమె మీద కోపం వచ్చేదా అంటే, మేస్త్రి మీద వచ్చినంత రాలేదు, కానీ మేస్త్రి మీది కోపం తగ్గినా ఆమె మీదిది తగ్గలేదు. తప్పు చేసినవాడు అబద్ధం చెప్పడం వేరు, తెలిసినవాళ్లు నోరు మూసుకోవడం వేరు అనిపించేది. ఆమె చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఆమె గతి ఏమయ్యేదో అని ఆలోచించే తీరిక నాకప్పుడెక్కడిది?

తలుపు వైపు మెరుపు కాస్త తగ్గింది. ఎండ కిటికీలోంచి లోపలికి జరిగి నా మోకాళ్ల మీదికి వచ్చింది. కింద చిట్టి నవ్వు వినిపిస్తోంది. మాలో అందరికన్నా చిన్నది, నవ్వు మాత్రం అందరికన్నా పెద్దది. ఆ పిల్ల నవ్వితే పెద్దక్క, "నెమ్మదే, గోడ పగుళ్లలో పెట్టిన లప్పం ఊడొస్తుంది" అంటుంది. పెద్దక్కే లేకపోతే మేమెవరమూ ఇక్కడ ఉండేవాళ్లం కాదు. జీవితమంతా పాత సున్నం గీకిన మనిషి. తల నెరిసిందా అక్కా అంటే, నెరవలేదే, దులుపుకోలేదంతే అంటుంది. మా ఆయన పోయాక మేస్త్రి నన్ను పనిలోంచి తీసేస్తే, మర్నాడు తనూ మానేసి మా ఇంటికొచ్చి కూర్చుంది. పక్కన ఇంకో ఇద్దరు. గీకేదీ మనమే, రుద్దేదీ మనమే, కడిగేదీ మనమే, మధ్యలో కుంచె ఒక్కటీ వాళ్లది, దానికి కూలి మొత్తం వాళ్లది, ఆ కుంచె నీకొచ్చు, మాకూ నేర్పు అంది. మా వంట మూల గోడ మీదే నేర్పాను. ఎన్నిసార్లు వేశామో, ఆ గోడ ముందుకు జరిగి గది చిన్నదైందని మా పాప అనేది.

మొదటి పని మంగలి దుకాణం. చిన్న గది, నాలుగు గోడలూ నాలుగు గంటల పని. అయినా దుకాణం ఆయన గడ్డం నిమురుకుంటూ, "ఆడవాళ్లు వేసిన రంగు ఎన్నాళ్లు నిలుస్తుందమ్మా?" అన్నాడు. పెద్దక్క ఆయన వంక తాపీగా చూసి, "మీరు గీసిన గడ్డం ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పండి, దానికన్నా కొన్నాళ్లు ఎక్కువే నిలుస్తుంది" అంది. కుర్చీలో సబ్బు నురగతో కూర్చున్న మనిషి పడీ పడీ నవ్వి నురగ మింగినంత పని చేశాడు. పని మాకిచ్చారు. ఆ తర్వాత కుట్టుపని ఆమె ఇల్లు, మందుల షాపు, ఒక డాక్టరు గారి ఇంటి ప్రహరీ. ఆ ప్రహరీ పని అయ్యాకే సంఘం రాయించుకున్నాం. ఎవరూ మేస్త్రి కాదు, ఏ పనికి వెళ్లాలో, ఎవరు వెళ్లాలో అందరం కూర్చుని అనుకోవడం, పనిని బట్టి పంచుకోవడం, కొంత పక్కన పెట్టి పరంజా కొనుక్కోవడం. ఇనుప గొట్టాలు కొన్న రోజు వాటిని పిల్లల్ని నిమిరినట్టు నిమిరాం. పలకలు కొత్తవి కొన్నాం, నేనే ఏరాను. చిట్టి కాన్పుకి వెళ్తే ఆ నెలలు దాని వాటా దానికి వెళ్లింది. పగుళ్లు పూడ్చడంలో పెట్టింది పేరైన లప్పం వదిన ఇంటి పైకప్పు కూలితే సంఘమే వేయించింది.

పేదరికం పోవడమంటే ఏమిటని ఒకసారి బ్యాంకులో ఒకావిడ అడిగింది, ఏదో రాసుకోవడానికి. జవాబు ఇంటికి వెళ్లేటప్పుడు తోచింది నాకు. మా పాపకి చిన్నప్పుడు బూట్లు ఎప్పుడూ పెద్ద సైజే కొనేదాన్ని, వచ్చే ఏడాది కూడా పనికొస్తాయని. ముందు గుడ్డలు కుక్కుకుని నడిచేది, టపటప చప్పుడు చేస్తూ. సంఘం పెట్టిన రెండో ఏడు షాపులో ఆ పిల్ల పాదం ఎంతుందో అంతే కొన్నాను. వేసుకుని అటూ ఇటూ నడిచి, "అమ్మా, చప్పుడు రావట్లేదు" అంది భయంగా, ఏదో పొరపాటు జరిగినట్టు. ఆ మాట బ్యాంకావిడకి చెప్పాల్సింది.

ఇప్పుడా పిల్ల నా అంత ఎత్తు పెరిగింది. కిందటేడు బడి నుంచి వచ్చి సంచీ కూడా దించకుండా, "నాన్న తాగేవాడా?" అని అడిగింది. ఎవరో అన్నారట. తాగేవాడు కాదమ్మా అన్నాను. నా వంక అదోలా చూసి, "నువ్వలాగే అంటావులే" అంది. కోపంగా కాదు, జాలిగా. నా కూతురు నా మీద జాలిపడి నా మాట నమ్మడం మానేసింది. గోడకి నెమ్ము పట్టినట్టు ఆ మాట అప్పటి నుంచీ మా ఇంట్లో ఉంది. పైన ఎన్ని కబుర్లు పూసినా మళ్లీ మచ్చ పైకి తేలుతుంది. భార్య మాట సాక్ష్యం కాదు. తల్లి మాట అసలే కాదు.

మేస్త్రికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందని మాకు ఎప్పుడో తెలిసింది. కింద పనిచేసినవాళ్లంతా తలో దారి పట్టారు. మేస్త్రమ్మ ఇళ్లలో పనికి తిరిగింది, అదీ నిలవలేదు. పొద్దున మేము సామాను దింపుతుంటే గేటు దగ్గరికి వచ్చి నిలబడి, నన్ను చూసి, "మీ సంఘంలో నన్ను చేర్చుకుంటారా? గీకడం, కడగడం, ఏదైనా చేస్తాను" అంది. మీ సంఘం అంది. మీరు అంది. ఆమె నన్ను నువ్వు అనడమే తప్ప మీరు అనడం వినలేదు ఎప్పుడూ. లప్పం వదిన బకెట్టు ధన్‌మని కింద పెట్టి, "మేస్త్రి నీడ తప్పించుకోవడానికే ఈ సంఘం పెట్టుకున్నాం. ఇప్పుడా నీడని మనమే పిలిచి కుర్చీ వెయ్యాలా?" అంది. చిట్టి మొహంలో జాలి కనిపించింది. బడి పక్క భవనం పని కూడా మాకే వచ్చింది, చేతులు చాలడం లేదు, అది నిజం. పెద్దక్క అందరి మొహాలూ చూసి, చివరికి నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు. వాళ్లు నాకిచ్చింది గౌరవమే, కాదనను. కానీ అది తలమీద నిండు బకెట్టు పెట్టి నడవమన్నట్టుంది.

వద్దంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె కూడా తప్పుపట్టదు, సంచీ సర్దుకుని వెళ్లిపోతుంది, అలా వెళ్లిపోవడానికి సిద్ధపడే కూర్చుంది, వెన్ను చూస్తే తెలుస్తోంది. ఊ అంటే రోజూ ఆ మొహం చూడాలి, పలక మీద పక్కన నిలబెట్టుకోవాలి, ఆ తెరిచి మూసిన నోటితో కలిసి టీ తాగాలి. ముందు ఆ రోజు జరిగింది చెప్పు, తర్వాత పని అని అడగొచ్చు. అడిగితే చెప్తుంది. అవసరంలో ఉన్న మనిషి ఏం చెప్పమంటే అది చెప్తుంది. అలా కొనుక్కున్న మాటని మా పాప ముందు పెడితే, ఆ పిల్ల తెలివైంది, ఒక్క చూపులో పట్టేస్తుంది. కిటికీలోంచి మళ్లీ చూశాను. మెట్ల మీద ఆమె లేదు. వెళ్లిపోయిందా? అప్పుడు తెలిసింది, ఆమె వెళ్లిపోవడం నాకిష్టం లేదని.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. మేస్త్రమ్మ టీ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది. పరంజా కింద నిలబడి గ్లాసు పైకెత్తి, "చల్లారిపోతోందని తెచ్చాను. అక్కడ పెట్టి వెళ్లిపోతాను" అంది. వంగి అందుకున్నాను. టీ ఆమె వేళ్ల మీద కొంచెం చిందినా విదిలించుకోలేదు. ఎన్ని ఏళ్లు ఎంతమందికి అలా పైకి అందించిందో ఆ చెయ్యి. ఆమె వెనక్కి తిరగబోయింది. ఇన్నేళ్లూ నేను దాచుకున్న ప్రశ్న ఒకటి, తాగాడా అని. కానీ నా నోటివెంట వచ్చింది వేరే. అది నా లోపల ఉందని కూడా నాకు తెలియదు.

"ఆ రోజు తిన్నాడా?"

ఆమె ఆగింది. ఏ రోజని అడగలేదు. ఎవరని అడగలేదు.

"తిన్నాడు" అంది. "మెట్ల మీద కూర్చుని నా ఎదురుగానే తిన్నాడు. డబ్బా ఖాళీ చేసి, ఇవాళ ఉప్పు సరిగ్గా పడింది, ఇంటికెళ్లి చెప్పాలి, లేకపోతే మళ్లీ రేపు మరిచిపోతుంది అన్నాడు. నవ్వాను నేను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాను. నీళ్లు తాగి పైకెక్కాడు." గ్లాసు పట్టుకున్న నా చేతి వైపు చూసింది. "తాగిన మనిషి కాదు. ఆ పలక సంగతి ఆ ముందు రోజే మా ఆయనతో అన్నాడు, మార్చమని. అదీ విన్నాను."

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఉప్పు. పెళ్లయిన నాటి నుంచీ ఉప్పు దగ్గరే మా ఇద్దరికీ గొడవ. కడుపు నిండా తిని వెళ్లాడు. ఆకలితో వెళ్లలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఒక్క సంగతీ లోపల ఎక్కడో పోయి కూర్చుంది, పిల్లాడు ఆటలు ఆడి ఆడి ఇంటికొచ్చి పడుకున్నట్టు.

"ఈ మాట మా అమ్మాయికి చెప్తారా?" అన్నాను.

"సాయంత్రం వస్తాను. మీరు పని ఇచ్చినా ఇవ్వకపోయినా వస్తాను" అంది. "పని కోసం చెప్పానని అనుకుంటుందేమో, పాప."

"అనుకోదు. మీరు నన్ను ఎప్పటిలాగే నువ్వనండి. మీరు అంటుంటే వెనక ఎవరో ఉన్నారేమోనని చూస్తున్నాను."

ఆమె నవ్వలేదు కానీ మొహం కొంచెం వదులైంది. నేను పరంజా దిగాను. తలుపు వైపు గోడకి వేలి వెనక వైపు ఆనించి చూశాను. అంటుకోలేదు.

పెద్దక్క వాళ్లు పైకి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, నా వైపు చూశారు. "నా మాటగా వద్దక్కా, సంఘం మాటగానే కానివ్వు. నేను మాత్రం చెయ్యెత్తుతున్నాను" అని చెయ్యెత్తాను. చిట్టి నా మాట పూర్తి కాకముందే ఎత్తేసింది, రెండు చేతులూ. ఒకటి చాలే అంది పెద్దక్క తను ఎత్తుతూ. మిగతావాళ్లు ఎత్తారు. లప్పం వదిన ఎత్తలేదు. చేతులు కట్టుకుని, "ఎక్కువ చేతులు ఎటుంటే అటే. నా చెయ్యి మాత్రం లేవదు" అంది. ఎవరూ ఆమెని బతిమాలలేదు. ఆమె మనసు ఆమెది.

నేను రెండో కోటుకి రంగు కలుపుతుంటే మేస్త్రమ్మ సంచీ ఒక మూల పెట్టి, ఎవరూ చెప్పకుండానే ఇంకా రంగు వెయ్యని వెనక గోడ దగ్గరికి వెళ్లి, పాత రంగు పెచ్చులు గీకడం మొదలుపెట్టింది. చేతిలోని ఇనుప పట్టీ గోడ మీద కీచుకీచుమంటోంది. ఆ చప్పుడుకి లప్పం వదిన పళ్లు బిగించుకుని కాసేపు భరించింది. ఇంక భరించలేక బకెట్టు వదిలేసి విసవిసా వెళ్లింది. ఏమంటుందోనని రోలర్లు చేత్తో పట్టుకుని అందరం ఆగిపోయాం. వదిన ఆమె చేతిలోంచి పట్టీ లాక్కుని, "అలా నిటారుగా పట్టుకుంటే గోడకి గాట్లు పడతాయి. తర్వాత వాటిని పూడ్చి చావాల్సింది నేనే" అంది. "వాల్చి పట్టుకో. మణికట్టు వదిలెయ్. ఇటు చూడు."

మేస్త్రమ్మ చూసింది. వదిన ఒక బారెడు మేర గీకి చూపించి, పట్టీ మళ్లీ ఆమె చేతిలో పెట్టి, అక్కడే నిలబడింది.